శిక్ష మరీ తక్కువ పడిందా? ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు తెలుగువాళ్ళు పైకోర్టును ఎలా అడగాలి

మీ ఇంటి మనిషిని గొడ్డలితో నరికిన కేసు ఏళ్ళ తరబడి నడిచింది. సాక్షులు గట్టిగా నిలబడ్డారు. నేరం రుజువైందని జడ్జిగారు చెప్పారు. ఆ మాట విని ఊపిరి పీల్చుకునే లోపే శిక్ష చదివారు: ఐదేళ్ళు, అందులో ఇప్పటికే జైల్లో గడిపిన కాలం మినహాయింపు. బయటికొచ్చి ఎవరినైనా అడిగితే, "శిక్ష పడింది కదా, ఇంకేం కావాలి?" అంటారు.

చేయడానికి ఇంకా చాలా ఉంది. శిక్ష చాలదని పైకోర్టును అడిగే దారులు చట్టంలోనే ఉన్నాయి. ఎవరు అడగాలి, ఏ కోర్టులో, ఎన్ని రోజుల్లోగా అన్నవి మాత్రం కేసును బట్టి మారతాయి. తప్పు దారిలో వెళితే న్యాయం మీ వైపు ఉన్నా కాగితం తిరిగొచ్చేస్తుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు కుటుంబాలకు లాయరుగా నేను రోజూ చెప్పే మాటలే ఇవి. సిరొంచ, చంద్రపూర్, నాందేడ్ వైపు వాళ్ళకు తేడా వచ్చే చోట్లు కూడా చెబుతాను.

ముందుగా నంబర్ల సంగతి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్ష సంహిత వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరమైతే మీ తీర్పులో ఐపీసీ సెక్షన్లే ఉంటాయి. అందుకే కొత్తవీ పాతవీ రెండూ ఇస్తున్నాను: నేరాలు, వాటి శిక్షల సెక్షన్లయితే న్యాయ సంహిత, ఐపీసీవి; అప్పీలు, నకలు లాంటి కోర్టు పనులవైతే నాగరిక సురక్ష సంహిత, సీఆర్‌పీసీవి. కింద "కొత్త సంహిత" అంటే నాగరిక సురక్ష సంహితే.

మొదటి పని: తక్కువైంది శిక్షా, సెక్షనా?

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది.

హత్య రుజువైతే కొత్త సెక్షన్ 103 (పాత 302) కింద జడ్జి ఐదేళ్ళో పదేళ్ళో వేయడానికి వీల్లేదు. యావజ్జీవమో మరణశిక్షో, ఆ రెండే. కాబట్టి మనిషి చనిపోయిన కేసులో ఐదేళ్ళు పడ్డాయంటే, జడ్జి హత్య అని ఒప్పుకోలేదన్నమాట. "చంపాలనే ఉద్దేశం లేదు, క్షణికావేశంలో కొట్టాడు" అని కొత్త సెక్షన్ 105 (పాత 304) కిందికి దించి ఉంటారు. అక్కడ రెండు భాగాలున్నాయి. ఉద్దేశం ఉందంటే కొత్త చట్టంలో యావజ్జీవం, లేదా ఐదు నుంచి పదేళ్ళు. ప్రాణం పోవచ్చని తెలిసి కొట్టాడంతే, ఉద్దేశం లేదంటే పదేళ్ళలోపు ఎంతైనా. మీకు శిక్ష తక్కువైనట్టు కనిపిస్తోంది కానీ నిజంగా తగ్గింది సెక్షన్.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, సెక్షన్ తగ్గిస్తే బాధిత కుటుంబం తనంతట తానే అప్పీలు చేసుకోవచ్చు. సెక్షన్ సరిగ్గానే ఉండి ఏళ్ళు మాత్రమే తక్కువైతే అప్పీలు హక్కు ప్రభుత్వానికే ఉంది, కుటుంబానికి లేదు.

ముంబై కేసు ఒకటి చూడండి. 2006 నవంబరు 12 తెల్లవారుజామున బాంద్రాలోని కార్టర్ రోడ్డులో పేవ్‌మెంట్ మీద పడుకున్న కూలీల మీదికి కారు ఎక్కింది. ఏడుగురు చనిపోయారు. కింది కోర్టు నిర్లక్ష్యం వల్ల మరణం అనే 304ఏ కింద ఆరు నెలల శిక్ష వేసింది. బొంబాయి హైకోర్టు ఆ సెక్షన్ చాలదని 304 రెండో భాగం కింద నేరం నిర్ధారించి మూడేళ్ళు చేసింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఏడుగురి ప్రాణాలకు మూడేళ్ళు కూడా తక్కువే అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. కానీ ఆరు నెలలు మూడేళ్ళయింది సెక్షన్ మారడం వల్లే.

మనిషి బతికి బయటపడ్డ కేసుల్లోనూ ఇంతే. కత్తితో పొట్టలో పొడిస్తే కొత్త 109 (పాత 307) హత్యాయత్నం. గాయమైతే యావజ్జీవం దాకా వెళ్ళవచ్చు. దాన్ని 118(2) (పాత 326), మారణాయుధంతో తీవ్ర గాయం కిందికి దించితే, అక్కడ కూడా యావజ్జీవం దాకా ఉన్నా, కనిష్ఠం కొత్త చట్టంలో ఒక్క ఏడాదే. పైగా ఆ కేసు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ కోర్టులో నడిచి ఉంటే ఆయన మూడేళ్ళకు మించి వేయలేరు. శిక్ష పెంచమని వేసిన అప్పీల్లో పైకోర్టు కూడా కింది కోర్టు వేయగలిగిన దానికి మించి వేయకూడదు. కాబట్టి మీ కేసు ఏ కోర్టులో తేలిందో కూడా చూసుకోండి.

రెండో పని: తీర్పు నకలుకు వెంటనే దరఖాస్తు

తీర్పు చెప్పిన రోజే, కుదరకపోతే మర్నాడే, సర్టిఫైడ్ నకలుకు దరఖాస్తు పెట్టండి. ముద్దాయికి జైలు శిక్ష పడితే నకలు ఉచితంగా ఇస్తారు. మీరు ఫీజు కట్టాలి. కట్టలేని పరిస్థితి ఉంటే ప్రత్యేక కారణం చూపి ఉచితంగా ఇమ్మని అడగవచ్చు. కొత్త సంహిత 404, పాత 363 అందుకు వీలిస్తాయి.

నకలు చేతికొచ్చాక చివరి పేజీ వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ఒక ముద్ర ఉంటుంది. దరఖాస్తు పెట్టిన తేదీ, స్టాంపులు కట్టమని చెప్పిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ, ఇలా వరుసగా. చాలామంది ఆ ముద్రను చూడనే చూడరు. హైకోర్టులో మీ గడువు లెక్క అంతా దాని మీదే నడుస్తుంది. కోర్టు నకలు తయారుచేయడానికి పట్టిన రోజుల్ని గడువులోంచి తీసేస్తారు. కానీ స్టాంపులు కట్టమన్నాక మీరు ఆలస్యంగా కడితే, నకలు సిద్ధమయ్యాక తీసుకోవడానికి మీరు రెండు వారాలు వెళ్ళకపోతే, ఆ రోజులు మీ ఖాతాలోనే పడతాయి. గుమాస్తా మీద వదిలేయకండి. వారానికోసారి మీరే కౌంటర్ దగ్గర అడగండి. ముద్రలో తేదీలు అరిగిపోయి కనబడకపోతే అక్కడికక్కడే సరిచేయించుకోండి.

తీర్పుతో పాటు మరికొన్ని కాగితాలకూ దరఖాస్తు పెట్టండి: ఛార్జిషీటు, కోర్టు మోపిన అభియోగాలు, గాయాల సర్టిఫికెట్ లేదా పోస్టుమార్టం రిపోర్టు, డాక్టరు సాక్ష్యం, కళ్ళారా చూసిన సాక్షుల వాంగ్మూలాలు.

మూడో పని: తీర్పును మీకు తెలిసిన భాషలో చదివించుకోండి

ఒడిశా వైపు సెషన్స్ తీర్పు ఎక్కువగా ఇంగ్లీషులో, సాక్ష్యాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మహారాష్ట్ర వైపు మరాఠీలో ఉండవచ్చు. ఇంట్లో తెలుగే మాట్లాడే పెద్దవాళ్ళకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాదు. "ఏదో రాశారట" అనే దగ్గరే చాలా కుటుంబాలు ఆగిపోవడం చూస్తుంటే బాధేస్తుంది. ఊళ్ళో డిగ్రీ చదివే పిల్లనో, టీచరునో కూర్చోబెట్టి నిదానంగా చెప్పించుకోండి. ఒక పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

మొత్తం తీర్పును ఒక్క రోజులో అర్థం చేసుకోవాలని టెన్షన్ పడకండి. రెండు చోట్ల మాత్రం గుర్తు పెట్టండి.

ఒకటి, ముద్దాయి మీద మోపిన సెక్షన్, చివరికి నేరం రుజువైందన్న సెక్షన్ పక్కపక్కన రాసుకోండి. రెండూ ఒకటేనా? మారితే జడ్జి ఏ కారణం చెప్పారు? గొడ్డలి వెనక్కి తిప్పి కొట్టాడనా, ఒకే దెబ్బ అనా, గొడవ అప్పటికప్పుడు మొదలైందనా? డాక్టరు మూడు దెబ్బలు రాసి ఉంటే, తీర్పులో ఒకే దెబ్బ అని ఉంటే, అక్కడ పెద్ద గీత గీయండి. అప్పీల్లో మీ బలం అదే.

రెండు, తీర్పు చివర శిక్ష మీద విన్న భాగం. నేరం రుజువయ్యాక శిక్ష ఎంతో తేల్చడానికి జడ్జి ముద్దాయి మాట విడిగా వింటారు (కొత్త 258, పాత 235). అక్కడ "వయసు చిన్నది, మొదటి నేరం, ముసలి తల్లిదండ్రులున్నారు, కేసు చాలా ఏళ్ళు నడిచింది" లాంటివి రాసి ఉంటాయి. ఏవి రాశారో ఎంత ముఖ్యమో, ఏవి రాయలేదో అంతకన్నా ముఖ్యం. మీవాడి చెయ్యి శాశ్వతంగా పనికిరాకుండా పోయిందని రాశారా? చనిపోయినాయన మీద ఎంతమంది బతుకుతున్నారో రాశారా? ముందే కత్తి తెచ్చుకుని కాపు కాశాడన్న సాక్ష్యం గురించి ఒక్క మాటైనా ఉందా?

ఇక్కడే ఇంకొకటి కూడా చూడండి. కొన్ని నేరాలకు చట్టమే కనిష్ఠ శిక్ష పెట్టింది. వరకట్న మరణానికి (కొత్త 80, పాత 304బి) ఏడేళ్ళు, అత్యాచారానికి పదేళ్ళు, యాసిడ్ దాడిలో శాశ్వత హాని జరిగితే పదేళ్ళు. అంతకన్నా తక్కువ వేస్తే అది చట్టవిరుద్ధమైన శిక్ష. అలాగే ప్రొబేషన్ మీద వదిలేశారా చూడండి. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలోని 4వ సెక్షన్ మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరాలకు వర్తించదు. పాత 326 కింద నేరం రుజువయ్యాక ఆ సెక్షన్ కింద మంచి నడవడిక బాండు రాయించుకుని పంపేశారంటే పైకోర్టులో గట్టిగా అడగవచ్చు.

నాలుగో పని: మీ దారి ఏదో తేల్చుకోండి

దారులు మూడు.

సెక్షన్ తగ్గించినా, కొందరిని పూర్తిగా వదిలేసినా, నష్టపరిహారం చాలకపోయినా బాధితులే అప్పీలు చేయవచ్చు. కొత్త సంహిత 413, పాత 372. ఈ హక్కు 2009 చివర్లో వచ్చింది. బాధితులంటే దెబ్బతిన్న మనిషే కాదు, ఆ మనిషి సంరక్షకులు, వారసులు కూడా. చనిపోయినాయన భార్య, పిల్లలు, తల్లిదండ్రులు తమ పేరు మీదే వేయవచ్చు. ముద్దాయిని వదిలేసిన తీర్పు మీద అప్పీలుకు హైకోర్టు అనుమతి ముందుగా తీసుకోవాలన్న షరతు బాధితులకు లేదని మల్లికార్జున్ కోడగలి కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

సెక్షన్ సరిగ్గా ఉండి ఏళ్ళు మాత్రమే తక్కువైతే అప్పీలు చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కొత్త 418, పాత 377. సెషన్స్ కోర్టు వేసిన శిక్ష మీద హైకోర్టుకు, మేజిస్ట్రేటు వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు. ఇక్కడ బాధితులు నేరుగా అప్పీలు వేస్తే నిలవదు. ఢిల్లీలో కొడుకును పోగొట్టుకున్న ఒక తండ్రి, యావజ్జీవం చాలదు, మరణశిక్ష వేయాలని అప్పీలు చేస్తే, శిక్ష తక్కువన్న కారణం మీద బాధితులకు అప్పీలు లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలోని ఈ ఖాళీ నాకు నచ్చదు. పరిహారం చాలదంటే వినే చట్టం, శిక్ష చాలదంటే వినకపోవడం సరికాదని నా నమ్మకం. కానీ ఇవాళ్టికి చట్టం అదే.

ప్రభుత్వం కదలకపోతే మూడో దారి రివిజన్. కొత్త 438, 442, పాత 397, 401. కింది కోర్టు తీర్పు చట్టప్రకారం, సబబుగా ఉందో లేదో రికార్డు తెప్పించి చూడమని బాధితులు అడగవచ్చు. రివిజన్‌లో హైకోర్టు శిక్ష పెంచగలదు, కానీ వదిలేసిన ముద్దాయికి శిక్ష వేయడం కుదరదు. అందుకే సెక్షన్ తగ్గిన కేసులో రివిజన్ వేసి ఊరుకోకండి, 413 అప్పీలే వేయండి.

ఎస్సీ, ఎస్టీ కుటుంబాల కేసు అత్యాచార నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టులో నడిచి ఉంటే అప్పీళ్ళకు ఆ చట్టంలోని 14ఏ సెక్షన్ వర్తిస్తుంది. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో ఇలాంటి కేసులుంటాయి. ఆ మాట లాయరుకు మొదటే చెప్పండి.

ఐదో పని: ప్రభుత్వాన్ని కదిలించడం

418 దారిలో ప్రభుత్వం తనంతట తాను కదులుతుందని కూర్చోకండి. ఫైలు కింది కోర్టులో ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటరు (పీపీ) అభిప్రాయంతో మొదలై పైకి వెళ్ళి, న్యాయశాఖలో తేలి, మళ్ళీ హైకోర్టులోని ప్రభుత్వ లాయరు దగ్గరికి రావాలి. పదేళ్ళు, అంతకు మించి శిక్షలున్న నేరాల్లో అప్పీలు మీద అభిప్రాయం చెప్పే పని కొత్త సంహిత 20వ సెక్షన్ డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు అప్పగించింది. మీ ఉత్తరం ఈ దారి పొడవునా ఉండాలి.

ఒకే అర్జీని జిల్లా పీపీకి, కలెక్టరుకు, ఎస్పీకి, డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు, రాష్ట్ర న్యాయశాఖ కార్యదర్శికి పంపండి. జిల్లాలో ఇచ్చేవి చేతికిచ్చి రసీదు ముద్ర వేయించుకోండి. భువనేశ్వర్‌కో ముంబైకో పంపేవి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఒడియాలోనో ఇంగ్లీషులోనో, అటు వైపైతే మరాఠీలోనో రాయించండి. ఇలా ఉంటే చాలు:

"అయ్యా, ఫలానా సెషన్స్ కోర్టు, కేసు నంబరు ఫలానాలో, ఫలానా తేదీన ముద్దాయికి సెక్షన్ 109 కింద రెండేళ్ళ శిక్ష పడింది. నేను ఆ కేసులో గాయపడిన వ్యక్తి భార్యను. డాక్టరు సాక్ష్యం ప్రకారం నా భర్తకు తల మీద రెండు, కుడి చేతి మీద ఒక కత్తి గాయం ఉన్నాయి. ఆ చెయ్యి ఇక పనిచేయదని సర్టిఫికెట్ ఉంది. తీర్పులో శిక్ష ఖరారు చేసిన భాగంలో ఈ విషయం లేదు. హైకోర్టులో అప్పీలు గడువు ఫలానా తేదీతో ముగుస్తుంది. నాగరిక సురక్ష సంహిత 418 కింద అప్పీలు దాఖలు చేయమని పీపీని ఆదేశించాలని కోరుతున్నాను. తీర్పు నకలు, గాయాల సర్టిఫికెట్ జతపరిచాను."

ఏడుపు, తిట్లు, ముద్దాయి కులం, పార్టీ, ఇవేవీ అందులో రాయొద్దు. గడువు తేదీ మాత్రం తప్పకుండా రాయండి. రేపు ప్రభుత్వం ఆలస్యం చేస్తే, గడువు లోపలే చెప్పామన్నదానికి అదే సాక్ష్యం. పది రోజులకోసారి పీపీ ఆఫీసుకు వెళ్ళి ఫైలు నంబరు అడగండి. నంబరు చెప్పకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు 30 రోజులు పడుతుంది కాబట్టి దాని మీదే ఆధారపడకూడదు. కాకపోతే దరఖాస్తు పడిందని తెలిస్తే ఫైలు కాస్త కదులుతుంది.

గడువులు

శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు 60 రోజులు. సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. రివిజన్ 90 రోజులు. 413 కింద బాధితుల అప్పీలుకు లిమిటేషన్ చట్టంలో విడిగా గడువు రాయలేదు. ఆ ధీమాతో ఆగకండి, 60 రోజుల్లోపే వేసేయండి. దాటిపోతే ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవచ్చు. అందులో ప్రతి వారానికీ కారణం, దానికో కాగితం ఉండాలి: ఆసుపత్రి చీటీ, నకలు ముద్ర, పీపీకి ఇచ్చిన అర్జీ రసీదు.

ఆరో పని: కారణాలు ఎలా రాయించాలి

"శిక్ష తక్కువగా ఉంది" అని రాస్తే హైకోర్టు వినదు. తానైతే ఇంకో రెండేళ్ళు ఎక్కువ వేసేవాణ్ణన్న కారణంతో ఏ జడ్జీ కింది కోర్టు శిక్షను మార్చరు. నేరానికీ శిక్షకూ పొంతన లేదని, చూడాల్సింది చూడలేదని, చూడకూడనిది చూశారని చూపించాలి.

కర్ణాటక కృష్ణప్ప కేసు మీ లాయరుకు గుర్తు చేయండి. ఏడెనిమిదేళ్ళ పాప మీద అత్యాచారం చేసినవాడికి కింది కోర్టు పదేళ్ళు వేసింది. హైకోర్టు దాన్ని నాలుగేళ్ళకు తగ్గించింది. కారణాలు: వయసు 49, చదువులేని పల్లెటూరివాడు, తాగి ఉన్నాడు, ఇంటిల్లిపాదీ వాడి మీదే ఆధారపడ్డారు. ఇవి శిక్ష తగ్గించదగ్గ కారణాలు కావని 2000లో సుప్రీంకోర్టు పదేళ్ళూ మళ్ళీ నిలబెట్టింది. మన జిల్లాల తీర్పుల్లోనూ ఇవే కారణాలు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. మీరు పెన్సిలుతో గీసిన గీతలు ఇక్కడ పనికొస్తాయి. ప్రతి గీతకూ ఎదురుగా సాక్షి నంబరు, డాక్టరు రిపోర్టు పేజీ వేయించండి. తీర్పు తర్వాత వచ్చిన వైకల్యం సర్టిఫికెట్ లాంటివి ఉంటే అదనపు సాక్ష్యంగా తీసుకోమని (కొత్త 432, పాత 391) విడిగా అర్జీ పెట్టించండి.

ఏడో పని: ముద్దాయి అప్పీలు మీద కన్నేయండి

శిక్ష పడ్డవాడు కూడా అప్పీలు వేస్తాడు, వెంటనే బెయిలు అడుగుతాడు. పదేళ్ళు, అంతకు మించి శిక్షకు అవకాశమున్న నేరమైతే, వదిలే ముందు పీపీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే అవకాశం ఇవ్వాలి (కొత్త 430, పాత 389). మీ మాట వినమని మీరూ అడగవచ్చు. లఖీంపూర్ ఖేరీ కేసులో 2022లో సుప్రీంకోర్టు బాధితులకు ప్రతి దశలోనూ వినిపించుకునే హక్కు ఉందని చెప్పింది.

ఫోన్లో ఈ-కోర్ట్స్ యాప్ పెట్టుకోండి. కేసు సీఎన్ఆర్ నంబరు, 16 అక్షరాలూ అంకెలూ కలిపి, కొడితే వాయిదాలు కనబడతాయి. హైకోర్టులో ముద్దాయి పేరుతో వెతికితే అప్పీలు పడిందో లేదో తెలుస్తుంది. చేతకాకపోతే కోర్టు ఆవరణలోని ఈ-సేవా కేంద్రంలో చూసి చెబుతారు.

ముద్దాయి వేసిన అప్పీల్లో హైకోర్టే చూసి శిక్ష పెంచుతుందిలే అనుకోకండి. చట్టం ప్రకారం ముద్దాయి అప్పీల్లో శిక్ష పెంచకూడదు. 2025లో తమిళనాడు నుంచి వచ్చిన కేసులో, ప్రభుత్వం గానీ బాధితులు గానీ ఏమీ వేయనప్పుడు, ముద్దాయి అప్పీలు విచారిస్తూ హైకోర్టు తనంతట తాను రివిజన్ అధికారం వాడి పెంచకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. మీ వైపు నుంచి ఒక కాగితం హైకోర్టులో ఉండి తీరాలి.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. శిక్ష పెంచమని ప్రభుత్వం అప్పీలు వేస్తే, ముద్దాయికి నోటీసు ఇచ్చి వినాల్సిందే. అప్పుడు అతను తన నేరమే రుజువు కాలేదని, వదిలేయమని కూడా వాదించవచ్చు. సాక్ష్యం బలహీనంగా ఉన్న కేసులో ఉన్న శిక్ష కూడా పోయే ప్రమాదం ఉంది. అప్పీలు వేయాలా వద్దా అనేది లాయరుతో దీని మీదే కూర్చుని తేల్చుకోండి.

రాజీ కాగితాలు

తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే పెద్దమనుషులు మీ ఇంటికి వస్తారు. "జరిగిందేదో జరిగిపోయింది, ఇంత డబ్బు తీసుకుని సంతకం పెట్టండి, ఊరు ప్రశాంతంగా ఉంటుంది" అంటారు. ఆ కాగితం హైకోర్టులో ముద్దాయి లాయరు చేతిలో ఉంటుంది. హత్య, హత్యాయత్నం రాజీతో ముగిసిపోయే నేరాలు కావు, కానీ రాజీ పడ్డారని చూపి శిక్ష తగ్గించమని అడుగుతారు. అంతా కలిపి "ఇప్పటికే గడిపిన జైలు కాలం చాలు" అనే దాకా పోతుంది.

డబ్బు అవసరం నిజమైనదే, తీసుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ ఖాళీ స్టాంపు పేపరు మీదా, మీకు రాని భాషలో ఉన్న కాగితం మీదా సంతకం, వేలిముద్ర పెట్టొద్దు. డబ్బు కోసమే అయితే వేరే దారి ఉంది: బాధితుల పరిహార పథకం (కొత్త 396, పాత 357ఏ) కింద జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. బెదిరింపులుంటే సాక్షుల రక్షణ పథకం కింద రక్షణ అడగండి. బెదిరించిన తేదీ, మాటలు రాసి పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి.

లాయరు, ఖర్చు, ప్రయాణం

మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి వర్తిస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి. హైకోర్టు కేసైతే హైకోర్టు న్యాయ సేవా కమిటీ నుంచి లాయరును ఇమ్మని రాతలో అడగండి. కింది కోర్టులో మీ తరఫున చేసినాయనే హైకోర్టులోనూ చేయాలని లేదు. కానీ ఆయన దగ్గరున్న కాగితాలన్నీ మీ చేతికి తీసుకోండి.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వాళ్ళకు హైకోర్టు కటక్‌లో. 2023 నుంచి జిల్లాల్లో వర్చువల్ హైకోర్టు కేంద్రాలున్నాయి. అక్కడి నుంచే లాయరు వాదించవచ్చు, దాఖలు ఈ-ఫైలింగ్‌లో చేయవచ్చు. ప్రతి వాయిదాకూ మీరు రైలెక్కాల్సిన పని లేదు. వకాలత్‌నామా మీద సంతకం, అఫిడవిట్ కోసం తప్పదు.

గడ్చిరోలి, చంద్రపూర్ వాళ్ళు బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచికి, దెగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ లాంటి నాందేడ్ జిల్లా ఊళ్ళవాళ్ళు ఔరంగాబాద్ బెంచికి వెళ్ళాలి. సిరొంచ నుంచి గడ్చిరోలికే దాదాపు 200 కిలోమీటర్లు, నాగపూర్ ఆ పైన. అందుకని అర్జీలన్నీ ఒక్క ప్రయాణంలో ఇచ్చేలా ముందే రాయించి పెట్టుకోండి. హైదరాబాద్ దగ్గర కదా అని తెలంగాణ హైకోర్టుకు వెళితే లాభం లేదు. శిక్ష వేసిన కోర్టు ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం హైకోర్టే వినాలి.

అప్పీలు పడ్డాక హైకోర్టు ముందుగా కింది కోర్టు రికార్డు తెప్పించుకుంటుంది. దీనికే నెలలు పడుతుంది. తర్వాత ముద్దాయికి నోటీసు. అతను ఊరు మారి ఉంటే నోటీసు తిరిగొస్తుంది, కేసు అక్కడే ఆగిపోతుంది. అతని ఇప్పటి చిరునామా తెలిస్తే లాయరుకు రాసివ్వండి. అత్యాచార కేసుల్లో ప్రభుత్వం వేసిన శిక్ష అప్పీలును ఆరు నెలల్లో తేల్చాలని 418లోనే ఉంది. మిగతా కేసులకు అలాంటి గడువు లేదు. ముందుగా వినమని అర్జీ పెట్టించవచ్చు. గాయపడిన మనిషి వయసు మీరినవాడైతే, మంచాన పడి ఉంటే ఆసుపత్రి కాగితాలు దానికి జతచేయండి. అప్పీలు వేసిన బాధితుడు విచారణ ముగియకుండానే కన్నుమూసినా ఆయన వారసులు దాన్ని కొనసాగించవచ్చని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. అలా జరిగితే మరణ ధృవీకరణ పత్రం, వారసుల పత్రం తీసుకుని వెంటనే మీ లాయరును కలవండి.